బీఎల్‌లో (బిల్ ఆఫ్ లేడింగ్, ఓడ సరుకు రసీదు) ఉన్న ఓడ ఎటో పోతోంది, మన కంటైనర్ ఎక్కడ?

ఓడలు ఎక్కడున్నాయో చూపే మ్యాప్ తెరిచి ఓడ పేరు వెతకడం తర్వాత. ముందు షిప్పింగ్ లైన్ (ఓడ కంపెనీ) సైట్‌లో కంటైనర్ నంబర్ కొట్టండి: నాలుగు అక్షరాలు, ఏడు అంకెలు. అందరూ దాటేసేది ఈ ఒక్క పనినే. ఫార్వర్డర్ (సరుకు పంపే ఏజెంటు) తన పేరుతో ఇచ్చిన హౌస్ బీఎల్ నంబర్ అక్కడ పనిచేయదు, షిప్పింగ్ లైన్ ఇచ్చే మాస్టర్ బీఎల్ నంబర్ అడిగి తీసుకోండి.

ఓడ చెన్నై రాకుండా దాటిపోయింది

తొంభై పాళ్లు ఇది ట్రాన్స్‌షిప్‌మెంట్, అంటే సరుకు దారిలో ఓడ మారడం. హాంబర్గ్‌లో ఎక్కిన సరుకును మదర్ వెసెల్ (పెద్ద ఓడ) కొలంబోలో దింపేసి సింగపూర్ వైపు వెళ్లిపోతుంది. మన కంటైనర్ చెన్నై ఫీడర్ (చిన్న ఓడ) కోసం కొలంబో యార్డులోనే ఉంటుంది. బీఎల్‌లో మాత్రం మొదటి ఓడ పేరే ఉంటుంది కాబట్టి, మలక్కా జలసంధిలో పోతున్న ఓడను చూసి సరుకు పోయిందని ఇక్కడ కంగారుపడతారు.

సైట్‌లో చివరి ఎంట్రీ చదవండి. ‘కొలంబో, డిశ్చార్జ్డ్’ (దింపారు) అని ఉండి, ‘లోడెడ్’ (ఎక్కించారు) ఇంకా పడకపోతే కంటైనర్ నేల మీదే ఉంది. కింద ఫీడర్ పేరు, తేదీ కనిపించినా నమ్మేయకండి, అది ప్లాన్ మాత్రమే. ఆ ఫీడర్‌లో చోటు దొరక్కపోతే తర్వాతి దానికి మారుస్తారు, పేరూ మారుతుంది. ‘లోడెడ్’ పడ్డాకే ఆ ఓడ పేరు, వాయేజ్ నంబర్ (ఆ ట్రిప్పు నంబర్) రాసుకుని మ్యాప్‌కి వెళ్లండి. వాయేజ్ నంబర్ ఎందుకంటే, ఫీడర్లు అదే దారిలో మళ్లీ మళ్లీ తిరుగుతాయి, పేరు ఒక్కటే చూస్తే ముందు ట్రిప్పును మనదనుకుంటాం.

అదే పేరుతో రెండు ఓడలు

ఐఎంఓ నంబర్‌తో (ప్రతి ఓడకూ ఉండే శాశ్వత గుర్తింపు నంబర్) వెతకండి. ఏడంకెలు, ఓడ అమ్ముడైనా పేరు మారినా మారదు. తొమ్మిదంకెల ఎంఎంఎస్ఐ (ఓడ రేడియో గుర్తింపు నంబర్) మాత్రం ఓడ జెండా, అంటే రిజిస్టరైన దేశం, మారితే మారిపోతుంది. ఐఎంఓ తప్పు కొట్టారేమోనని అనుమానమా? మొదటి ఆరంకెలను వరుసగా 7, 6, 5, 4, 3, 2తో గుణించి కూడండి. మొత్తంలో చివరి అంకె, నంబర్‌లో ఏడో అంకె ఒకటే కావాలి. 9074729కి మొత్తం 139, చివర 9. సరిపోయింది.

రోజులుగా ఒకే చోట ఉంది

మ్యాప్‌కి ఓడ చోటు పంపే ఏఐఎస్ పరికరం వీహెచ్ఎఫ్ రేడియో మీద నడుస్తుంది. తీరానికి సుమారు 40-50 నాటికల్ మైళ్లు దాటితే ఒడ్డునున్న యాంటెనాలకు అందదు. చివరి సిగ్నల్ ఎప్పటిదో చూడండి. పాతదైతే ఓడ ఆగలేదు, కబురే ఆగింది. శాటిలైట్ డేటాకు డబ్బు కట్టాలి, లేదా తర్వాతి తీరం దాకా ఆగాలి.

ఈటీఏ (చేరే అంచనా టైము) తప్పింది

మ్యాప్‌లో ఓడ పంపే ఈటీఏ సిబ్బంది చేత్తో కొట్టింది, అదీ యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక టైము). మన టైముకి ఐదున్నర గంటలు కలపండి. పైగా అది రేవు టైము. హైదరాబాద్ సనత్‌నగర్ ఐసీడీకి (కంటైనర్ డిపో) రైలు ప్రయాణం వేరే లెక్క, అది మీ సీహెచ్ఏని (కస్టమ్స్ ఏజెంటు) అడగండి.

మ్యాప్‌లో ఓడ ఎడారి మధ్యలో కనిపిస్తే అది జీపీఎస్ జామింగ్ లేదా స్పూఫింగ్, అంటే ఎవరో సిగ్నల్‌ను చెడగొట్టడం లేదా దొంగ సిగ్నల్ పంపడం. ఆ ప్రాంతం దాటాక అదే సర్దుకుంటుంది.