టెస్లా మోడల్ 3, మోడల్ వై లో ఏసీ గాలి తక్కువ వస్తోందా? ముందు ఫిల్టర్లు చూడండి

ఏసీ సరిగ్గా లేదు అనగానే మనవాళ్ళు ఫస్ట్ అనే మాట గ్యాస్ అయిపోయిందేమో అని. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గుతుందండి, గాలి నేరుగా తగ్గదు. గాలి తోసేది బ్లోయర్, ఆ గాలిని చల్లబరిచే పని కంప్రెసర్‌ది, ఈవీలో (ఎలక్ట్రిక్ కారులో) అయితే కంప్రెసర్ పెద్ద బ్యాటరీ హై వోల్టేజ్ మీద నడుస్తుంది, బ్లోయర్ మాత్రం పెట్రోల్ కార్లో లాగే చిన్న బ్యాటరీ మీద. కాబట్టి గాలి ఫుల్లుగా వస్తూ వేడిగా ఉందా, లేక చల్లగానే ఉంది కానీ ఊదట్లేదా అన్నది ముందు తేల్చుకోండి. ఇక్కడ చెప్పేదంతా రెండోదాని గురించే.

పైగా సూపర్‌చార్జర్ (టెస్లా ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్) దగ్గర ఎండలో చార్జ్ పెట్టినప్పుడు కారు ముందు నుంచి పెద్ద ఫ్యాన్ సౌండ్ వస్తుంది చూశారా, అది బయట రేడియేటర్ ఫ్యాన్, లోపలి బ్లోయర్ కాదు. అప్పుడు కంప్రెసర్ బ్యాటరీని కూడా చల్లబరచాలి కాబట్టి లోపల కాస్త చల్లదనం తగ్గొచ్చు, చార్జింగ్ అయ్యాక మామూలైపోతే దాన్ని వదిలేయండి.

టెస్ట్ చాలా సింపుల్. ఈవీ కాబట్టి పొగ గొడవ లేదు, గరాజ్‌లో పార్క్ చేసే చేసుకోవచ్చు. ఆటో మోడ్ తీసేసి (ఆటోలో అది ఇష్టమొచ్చినట్టు ఫ్యాన్ తగ్గించేస్తుంది, సగం కంప్లైంట్లు ఇక్కడే తీరిపోతాయి) ఫ్యాన్ 10కి పెట్టండి, గాలి మొహానికి మాత్రమే వచ్చేలా సెలెక్ట్ చేయండి, అద్దానికి, కాళ్ళకి ఉన్నవి ఆఫ్. ఇప్పుడు చెవి పెట్టి వినండి. బ్లోయర్ గట్టిగా అరుస్తోంది కానీ గాలి మాత్రం నీరసంగా ఉంది అంటే దారిలో ఏదో అడ్డం ఉంది, నూటికి తొంభై కారు లోపలికొచ్చే గాలిని వడగట్టే ఫిల్టరే అనుకోండి. అసలు బ్లోయర్ సౌండే లేదు అంటే మోటార్ దగ్గరో దాని కంట్రోల్ దగ్గరో తేడా. టకటకమని కొట్టుకుంటోంది అంటే ఆకో పుల్లో లోపల పడింది. రీసర్క్యులేషన్‌లో (లోపలి గాలే మళ్ళీ తిరిగే మోడ్‌లో) బాగా వచ్చి బయటి గాలి పెట్టగానే తగ్గిపోతే ముందు అద్దం కింద గాలి లోపలికెళ్ళే చోట చెత్త పేరుకుందేమో చూడండి, చెట్టు కింద పార్క్ చేసే వాళ్ళకి ఇది మామూలే, ఎలుకలు గూడు పెట్టినా అంతే.

ఇంకో రకం ఉంది. బయల్దేరినప్పుడు గాలి బాగుంటుంది, హైవే మీద అరగంట ముప్పావుగంట పోయాక మెల్లగా తగ్గిపోతుంది, ఏసీ ఆపి కాసేపు ఉత్త ఫ్యాన్ తిప్పితే మళ్ళీ వస్తుంది. అది ఎవాపరేటర్ (గాలిని చల్లబరిచే లోపలి కాయిల్) మీద ఐస్ కడుతున్న లక్షణం. దీనికీ చాలాసార్లు మూలం మూసుకుపోయిన ఫిల్టరే, గాలి సరిపడా ఆడక గడ్డ కడుతుంది. ఫిల్టర్ మార్చినా అదే కథ అయితే అప్పుడు గ్యాస్, సెన్సర్ల వైపు చూడాలి, అది సర్వీస్ పని.

సరే ఫిల్టర్ మార్చడం. 2024కి ముందు మోడల్ 3, 2025కి ముందు మోడల్ వై, అమెరికా కార్ల లెక్కన చెప్తున్నా, కొత్తవాటికి ఓనర్స్ మాన్యువల్ చూసుకోండి. మామూలు రకం ఫిల్టర్‌కి కంపెనీ చెప్పే గడువు 2 ఏళ్ళు, కానీ టెక్సస్‌లో సీడార్, ఓక్ చెట్ల పుప్పొడి పడే చోట ఉంటే అంతవరకు ఆగక్కర్లేదు, ఏడాదికోసారి తీసి చూడండి.

ముందు స్క్రీన్ మీద క్లైమేట్ ఆఫ్ చేయండి, కేబిన్ ఓవర్‌హీట్ ప్రొటెక్షన్ (పార్క్ చేసిన కారు లోపల మరీ వేడెక్కకుండా చూసే ఫీచర్) కూడా ఆఫ్, లేదంటే మీరు చెయ్యి లోపల పెట్టిన టైంలో అదే ఆన్ అవుతుంది. ఇంట్లో వాళ్ళకి కూడా ఒక మాట చెప్పండి, పాపం కారు చల్లబడాలని ఫోన్లో యాప్ నొక్కేస్తారు. ప్యాసింజర్ సీటు పూర్తిగా వెనక్కి జరిపి మ్యాట్ తీసేయండి. గ్లవ్‌బాక్స్ కింద ఉన్న ప్లాస్టిక్ ప్యానెల్ క్లిప్పుల మీద ఉంటుంది, మెల్లగా కిందకి లాగండి, దానికి వైర్ల కనెక్టర్లు ఉంటాయి, ఊడదీసి పక్కన పెట్టండి, ఏది ఎక్కడిదో ఒక ఫొటో తీసుకుంటే మంచిది. తర్వాత మధ్య కన్సోల్‌కి ప్యాసింజర్ వైపున్న సైడ్ ప్యానెల్, పైనుంచి కిందకి క్లిప్పులు వదిలించండి. లోపల ఫిల్టర్ మూత కనిపిస్తుంది, ఒకే ఒక్క స్క్రూ, టి20 టార్క్స్ (నక్షత్రం ఆకారం) బిట్ కావాలి.

ఆ మూత దగ్గరే ఆరెంజ్ రంగు కనెక్టర్లు ఉండొచ్చు. అవి హై వోల్టేజ్, ముట్టుకోవద్దు, పక్కకి జరపాలని కూడా చూడొద్దు.

మూత తీశాక ఫిల్టర్లు రెండుంటాయి, ఒకదాని మీద ఒకటి. చాలామంది పైది తీసి అయిపోయింది అనుకుంటారు. ట్యాబ్ పట్టుకుని పైది లాగండి, తర్వాత కిందది పైకి జరిపి లాగండి. కొత్తవి పెట్టేటప్పుడు కిందది ముందు, రెండిటి మీదా బాణం గుర్తు కారు వెనక వైపు చూడాలి. మూత పెట్టే ముందు టార్చ్ వేసి లోపల చూడండి, ఎవాపరేటర్ మీద బూజు, దుమ్ము ఉంటే, లేదా ఏసీ ఆన్ చేయగానే తడి సాక్సుల వాసన వస్తుంటే, ఎవాపరేటర్ కోసమే అమ్మే ఫోమ్ క్లీనర్ కొట్టి డబ్బా మీద రాసినంతసేపు వదిలేయండి, నీళ్ళు కారు కిందకి కారిపోతాయి. కింద వైర్లున్న చోట టవల్ పరవండి. నీళ్ళు కిందకి పోకుండా ప్యాసింజర్ కార్పెట్ తడిసిందంటే డ్రెయిన్ పైపు మూసుకుపోయినట్టు.

ఇండియాలో ఈవీ నడిపేవాళ్ళకి కూడా లాజిక్ ఇదే, చాలా కార్లలో ఫిల్టర్ గ్లవ్‌బాక్స్ వెనకే, స్క్రూ కూడా ఉండదు, మన రోడ్ల దుమ్ముకి మార్చి నెలలోనే మార్చేసుకుంటే ఎండాకాలం గడిచిపోతుంది. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, రోడ్డు పక్క ఏసీ షాపులో ఈవీకి గ్యాస్ కొట్టించొద్దు. ఎలక్ట్రిక్ కంప్రెసర్లలో ఎక్కువగా వాడేది పీఓఈ ఆయిల్, కరెంటు పారనివ్వనిది, పెట్రోల్ కార్లకి వాడే పీఏజీ ఆయిల్ కొంచెం కలిసినా ఇన్సులేషన్ ఫాల్ట్ (హై వోల్టేజ్ కరెంటు లీకవుతోందన్న ఎర్రర్) వచ్చి కారే ఆగిపోవచ్చు, కంప్రెసర్ ఖర్చు ఎంతుంటుందో చెప్పక్కర్లేదు.

ఫిల్టర్లు మార్చినా గాలి అంతే ఉంటే ఇక బ్లోయర్ మోటారో, గాలిని మళ్ళించే ఫ్లాపో. కాళ్ళ దగ్గర బాగా వచ్చి మొహానికి రాకపోతే ఫ్లాప్ మీద అనుమానం. అప్పుడు యాప్‌లో సర్వీస్ బుక్ చేసేటప్పుడు ఏసీ పనిచేయట్లేదు అని ఒక్క ముక్క రాసి వదలకండి, ఫ్యాన్ 10లో సౌండ్ ఎలా ఉంది, ఏ వెంట్‌లో తక్కువ, ఫిల్టర్లు ఎప్పుడు మార్చారు, అన్నీ రాయండి, కొత్త ఫిల్టర్ల ఫొటో కూడా పెట్టండి, లేకపోతే మళ్ళీ ఫిల్టర్ మార్పుతోనే ఎస్టిమేట్ మొదలుపెడతారు.