బరువు స్క్వాట్లు వేసేవాళ్లకి మోకాళ్ల సంగతులు

భుజాల మీద బార్ పెట్టుకుని కూర్చుని లేచే స్క్వాట్‌ని 80 కిలోలతో ఐదు రెప్స్, అంటే ఐదు సార్లు, హాయిగా వేస్తున్న రోజుల్లో, పక్క రాక్‌లో (బార్ ఆనించే స్టాండ్‌లో) కుర్రాడు 100 లేపడం చూసి నేనూ రెండే వారాల్లో 100 పెట్టేశాను. లేచింది కూడా. మూడో రోజు మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుంటే ఎడమ మోకాలి చిప్ప కింద సూది గుచ్చినట్టు నొప్పి. ఎక్కేటప్పుడు ఏమీ లేదు, దిగేటప్పుడే. ట్రైనర్‌ని అడిగితే మోకాలు కాలివేళ్లు దాటుతోంది, అందుకే అన్నాడు. సరేనని రెండు నెలలు పిరుదులు వెనక్కి తోసి తోసి స్క్వాట్ చేస్తే మోకాలు తగ్గలేదు సరికదా, నడుము పట్టేసింది.

కాబట్టి ముందు ఆ కాలివేళ్ల గోల తేల్చేద్దాం. 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, మోకాళ్లు ముందుకు రాకుండా అడ్డం పెట్టి స్క్వాట్ చేయించి చూశారు. మోకాలి మీద టార్క్, అంటే కీలుని తిప్పే బలం, ఓ 22 శాతం తగ్గింది, తుంటి మీద మాత్రం పది రెట్లకు పైగా పెరిగింది. అంటే భారం ఎక్కడికీ పోలేదు, ఇల్లు మారిందంతే. వెయిట్‌లిఫ్టర్లని చూడండి. మన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో, అంటే బార్‌ని ఒక్క ఊపులో నేల నుంచి తల మీదికి ఎత్తే పోటీలో, లేపింది 110 కిలోలు, ఆ ఆటలో బార్ కింద పూర్తిగా గొంతుక్కూర్చుని పైకి లేవాలి, మోకాళ్లు వేళ్లు దాటకుండా అది కుదిరే పనే కాదు. మడమ నేల మీద ఉన్నంతవరకు మోకాలు ముందుకొస్తే రానివ్వండి.

అసలు తప్పు నేను చేసిందే, ఒక్కసారిగా 20 కిలోలు పెంచడం. కండ త్వరగా బలపడుతుంది, చిప్ప కింద ఉండే టెండన్‌కి, అంటే కండ లాగుడుని ఎముకకి అందించే గట్టి పట్టీకి, అంతకంటే చాలా ఎక్కువ టైమ్ పడుతుంది. అందుకే కాళ్లు "ఇంకా లేపుతాం" అంటున్నా వారానికి 2.5 కిలోలు చాలు, అంటే బార్‌కి అటొకటి ఇటొకటి 1.25 ప్లేట్లు. మీ జిమ్‌లో ఆ చిన్న ప్లేట్లు లేకపోతే రెండు వారాలకోసారి 5 పెంచండి.

ఇంకోటి, లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి పడిపోవడం. ఇది మనకి తెలియదు. ఫోన్‌ని ఎదురుగా నీళ్ల బాటిల్‌కి ఆనించి వీడియో తీసుకోండి, అద్దంలో చూస్తూ చేస్తే మెడ ఎత్తుతారు, దాని వల్ల లాభం లేదు. నా వీడియోలో నాలుగో రెప్ నుంచి ఎడమ మోకాలు కుడిదాని వైపు వంగుతోంది, చూసి నేనే ఆశ్చర్యపోయాను. మడమ, బొటనవేలి మొదలు, చిటికెన వేలి మొదలు, ఈ మూడూ నేలకి గట్టిగా అదిమి, మోకాలు రెండో వేలు చూపించే దిక్కుకే వెళ్లేలా చూసుకోండి. అలా ఉండట్లేదంటే ఆ రోజుకి బరువు ఎక్కువైందని అర్థం, 10 శాతం దించేయండి, పరువేం పోదు.

మడమ లేస్తోందా? గోడకి ఎదురుగా బొటనవేలు నాలుగు అంగుళాల దూరంలో పెట్టి, మడమ లేవకుండా మోకాలితో గోడ తాకి చూడండి. అందకపోతే చీలమండ బిగుసుకుంది, రోజూ ఇదే కదలిక పదిసార్లు చేస్తూ ఉంటే కొన్ని వారాల్లో తేడా తెలుస్తుంది. ఈలోపు మడమ ఎత్తుగా ఉండే లిఫ్టింగ్ షూస్ వాడొచ్చు. మెత్తటి రన్నింగ్ షూస్ మాత్రం వద్దు, పరుపు మీద నిలబడి బరువు ఎత్తినట్టే.

వార్మప్ అంటే ట్రెడ్‌మిల్ మీద ఐదు నిమిషాలు నడిచి డైరెక్ట్‌గా 100 కిందకి దూరడం కాదు. ఖాళీ బార్ 20 కిలోలతో పది, తర్వాత 50తో ఐదు, 70తో మూడు, 85తో ఒకటో రెండో, అప్పుడు అసలు సెట్. దిగేటప్పుడు రెండు మూడు సెకన్లు తీసుకోండి, దబ్బున పడి అడుగున ఎగిరి లేవకండి.

మోకాలికి తొడుక్కునే స్లీవ్స్ దాన్ని వెచ్చగా ఉంచుతాయి, కాస్త ధైర్యమిస్తాయి, అంతే. మోకాలికి బిగించి చుట్టే ర్యాప్స్ స్ప్రింగ్‌లా పనిచేసి ఎక్కువ బరువు లేపిస్తాయి, నొప్పి కప్పిపుచ్చడానికి అవి కట్టుకుంటే మీరే ఇరుక్కుంటారు.

నొప్పి లేకుండా టక్కుటక్కుమనే చప్పుడు గురించి టెన్షన్ పడక్కర్లేదు. కొంచెం నొప్పి ఉండి మర్నాటికి పెరగకపోతే బరువు తగ్గించి కొనసాగించవచ్చు, మర్నాడు మెట్లు దిగేటప్పుడు ఎక్కువైతే ఇంకా తగ్గించాలి. నేను 60కి దిగి మళ్లీ మొదలుపెట్టాను, 80కి రావడానికి దాదాపు మూడు నెలలు పట్టింది. మోకాలు వాచినా, మధ్యలో లాక్ అయినా, నడుస్తుంటే జారిపోతున్నట్టు అనిపించినా మాత్రం ఇంట్లో బామ్ రాసుకుంటూ కూర్చోకుండా ఆర్థో డాక్టర్‌కి చూపించండి.