కళ్ల పక్కన గీతలు, బుగ్గల మీద మచ్చలు: నాకు పనిచేసిన పద్ధతి

కళ్ల పక్కన సన్నగీతలు, బుగ్గల మీద గోధుమరంగు మచ్చలు తేలేసరికి లేజర్ చేయించుకుందామనుకున్నాను. చర్మవైద్యురాలు మాత్రం ముందు ట్రెటినాయిన్ (విటమిన్ ఎ రకం మందు) 0.025 శాతం క్రీమ్, పగలు ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత రక్షణ ఇస్తుందో చెప్పే అంకె) 30కి తగ్గని సన్‌స్క్రీన్ రాశారు.

రాత్రి ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత క్రీమ్ ముఖమంతటికీ రాసేదాన్ని. మొదట్లో ముక్కు పక్కన, పెదవుల మూలల్లో పొట్టు లేచింది. నీళ్లు తగిలినా చురుక్కుమనేది. చాలామంది ఇక్కడే మానేస్తారు. మానక్కర్లేదండీ. వారానికి రెండు రాత్రులకు తగ్గించి, ముందు మాయిశ్చరైజర్, దానిమీద ట్రెటినాయిన్, మళ్లీ మాయిశ్చరైజర్ రాస్తే మంట సర్దుకుంది. తర్వాత మెల్లగా రాత్రులు పెంచాను.

చర్మంలో కొత్త కొల్లాజెన్ (చర్మాన్ని బిగువుగా ఉంచే ప్రొటీన్) తయారవ్వాలి కాబట్టి ఫలితానికి నెలలు పడుతుంది. సన్‌స్క్రీన్ లేకపోతే ఆ శ్రమంతా వృథా. కొల్లాజెన్‌ని దెబ్బతీసే, ఎండలోని యూవీఏ కిరణాలు కిటికీ అద్దంలోంచి కూడా వస్తాయి.

మచ్చలు బాగా పలచబడ్డాయి, సన్నగీతలు తగ్గాయి. ముక్కు నుంచి నోటిదాకా ఉన్న లోతైన మడత అలాగే ఉంది. దానికి క్రీములు చాలవు, ఫిల్లర్ (మడతను నింపడానికి చర్మం కిందకు ఇచ్చే ఇంజెక్షన్) లాంటిది కావాలి. గర్భిణులు, గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు మాత్రం ట్రెటినాయిన్ జోలికి వెళ్లకూడదు.