సియాటిల్ తీరంలో క్లామ్స్ ఏరే ముందు మ్యాప్ చూడండి

సియాటిల్ వైపు ఉండేవాళ్లు ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయ తీరంలో క్లామ్స్, మస్సెల్స్ (రెండు చిప్పల మధ్య ఉండే, తినదగ్గ జీవులు) ఏరుకోవాలనుకుంటే లైసెన్స్ ఒక్కటే సరిపోదు. వాషింగ్టన్ రాష్ట్ర ఆరోగ్య శాఖ షెల్‌ఫిష్ (ఇలాంటి చిప్ప జీవుల) మ్యాప్‌లో ఆ బీచ్‌లో ఏరడానికి అనుమతి ఉందో లేదో అదే రోజు చూసుకోండి. నీళ్లు తేటగా ఉన్నాయని నమ్మొద్దు. కంటికి కనిపించని నాచు తయారుచేసే సాక్సిటాక్సిన్ అనే విషం ఈ జీవుల మాంసంలో పేరుకుంటుంది. వాసన, రుచి ఏమీ మారవు. ఎంత మసాలా దట్టించి ఉడికించినా, ఫ్రీజర్‌లో పెట్టినా ఆ విషం పోదు. బటర్ క్లామ్స్ అనే రకంలో అయితే ఏడాది దాకా ఉండొచ్చు.

తిన్నాక పెదవులు, నాలుక తిమ్మిరెక్కితే ఆలోచించకుండా 911కి ఫోన్ చేయండి. ఈ విషం నరాల సంకేతాలను ఆపేసి ఊపిరి కండరాలను పడగొడుతుంది. విరుగుడు మందు లేదు, కానీ వెంటిలేటర్ సమయానికి దొరికితే మనిషి కోలుకుంటాడు.