కొత్త జాతులు ఎలా పుడతాయి, 3వ భాగం: అడ్డు ఎక్కడుందో పట్టుకోవడం

పోయిన భాగంలో మధ్యలో కొండో సముద్రమో అడ్డొచ్చి ఒక జాతి రెండు గుంపులవడం చూశాం కదా, ఇప్పుడు రెండు దగ్గరి జాతుల్ని చూపిస్తే వాటిని కలవనివ్వకుండా ఆపుతున్నదేంటో మీరే చెప్పగలగాలి.

వరసగా అడగండి. అసలు ఎదురుపడతాయా? ఒకే సీజన్‌లో జతకడతాయా? ఒకదాన్నొకటి జతగా ఒప్పుకుంటాయా? అండం, శుక్రకణం కలుస్తాయా? పుట్టింది బతుకుతుందా, దానికి పిల్లలు పుడతాయా? మొదటి "లేదు" ఎక్కడొచ్చిందో అక్కడ గీత పెట్టుకోండి. అందరూ ఎందుకో కంచర గాడిదతోనే మొదలుపెడతారు, గుర్రానికి 64 క్రోమోజోములు, గాడిదకి 62, ఈ రెంటికీ పుట్టిన దీనికేమో 63, జతలు కుదరక సంతానం దాదాపు ఉండదు, నిజమే, కానీ అది చిట్టచివరి అడ్డు, చాలా జాతుల కథ అంతదాకా రానే రాదు.

మిములస్ అనే పూలమొక్కల్లో రెండు దగ్గరి జాతుల్ని తీసుకోండి, కాలిఫోర్నియా సియెర్రా నెవాడా కొండల్లోవి. లెవిసై అనేది గులాబీ రంగు, ఎక్కువగా పై ఎత్తుల్లో ఉంటుంది, కార్డినాలిస్ ఎర్రగా ఉండి కింద పెరుగుతుంది. గ్రీన్‌హౌస్‌లో చేత్తో పుప్పొడి రాస్తే హైబ్రిడ్లు సులువుగానే వస్తాయి, అంటే లోపలి అడ్డు అంత గట్టిది కాదన్నమాట. మరి బయట? మధ్య ఎత్తుల్లో రెండూ పక్కపక్కనే ఉన్నా గులాబీ పూల మీదికి బంబుల్‌బీలు, ఎర్రవాటి మీదికి హమ్మింగ్‌బర్డ్‌లు వెళ్తాయి, ఇక దీని పుప్పొడి దానికి చేరేదెలా? ఎత్తు ఒక్కటే పూర్తిగా ఆపలేదు కాబట్టి ఇక్కడ గీత రెండు చోట్ల పడాలి, ముందు ఎత్తు దగ్గర, తర్వాత పుప్పొడి మోసేవాళ్ల దగ్గర. గ్రీన్‌హౌస్ చూసి "ఇవి ఒకటే జాతి" అనేస్తే పప్పులో కాలేసినట్టే.

కొండా సముద్రమూ లేకుండా కూడా చీలిక మొదలవ్వచ్చు. ఉత్తర అమెరికాలో హాథార్న్ అనే ముళ్ల చెట్టు కాయల మీద బతికే ఒక ఈగలో కొన్ని 1800ల మధ్యలో యాపిల్‌కి మారాయి. ఇవి జతకట్టేది కాయ మీదే, యాపిల్ ముందే పండుతుంది కాబట్టి ఆ ఈగలూ ముందే బయటికొస్తాయి, హాథార్న్ ఈగలతో జతకట్టడం తగ్గిపోతుంది. ఇంకా పూర్తిగా విడిపోలేదు, అందుకే నాకిది భలే ఇష్టం, పని సగంలో ఉండగా చూస్తున్నాం.

మీకో లెక్క. సుమారు 30 లక్షల ఏళ్ల కింద పనామా దగ్గర నేల పైకి లేచి రెండు సముద్రాలు వేరయ్యాయి, చిటికెల రొయ్యలు (పంజాతో చిటికేసినట్టు చప్పుడు చేసే రొయ్యలు) అటూ ఇటూ ఉండిపోయాయి. రెండు వైపులవాటిని ఒకచోట వేస్తే ఎక్కువ జతలు కలవకపోగా పోట్లాటకి దిగాయి. ఇక్కడ అడ్డులెన్ని, ఏది ముందొచ్చింది? రాసి పెట్టుకోండి, 4వ భాగం అక్కణ్ణించే.