మా పొలం కుంటలో కప్పలు మళ్లీ గుడ్లు పెట్టేలా ఎలా చేశామంటే

కుంటలో నీళ్లున్నా తోకకప్ప ఒక్కటీ కనిపించేది కాదు. అసలు కారణం గంబూషియా చేపలు. దోమల కోసమని ఎవరో వదిలారు, అవి దోమ పిల్లలతో పాటు కప్ప గుడ్లనీ, అప్పుడే పుట్టిన తోకకప్పల్నీ తినేస్తాయి. దానికితోడు జేసీబీతో తవ్వినప్పుడు గట్లు నిట్టనిలువుగా వచ్చాయి, పైనంతా గుర్రపు డెక్క కమ్మేసింది.

మందులేమీ వాడలేదు. ఎండాకాలంలో బోరు నీళ్లు వదలడం మానేసి కుంటను పూర్తిగా ఎండనిచ్చాం, గంబూషియా అంతటితో పోయింది. కప్పలకు ఇబ్బంది లేదు, అవి మట్టిలో దాక్కుని వానల దాకా ఆగగలవు. తర్వాత ఒకవైపు గట్టును బాగా ఏటవాలుగా చెక్కించాం, ఎందుకంటే గుడ్లకు కావాల్సింది లోతు కాదు, వెచ్చగా ఉండే మోకాలి లోపు నీళ్లు. గుర్రపు డెక్క వేళ్లతో సహా లాగేశాం కానీ అంచున తుంగ మాత్రం ముట్టుకోలేదు. పూడిక మొత్తం తీసేయమని చాలామంది చెప్తారు, నేనైతే వద్దనే అంటాను, అందులోనే బోలెడు ప్రాణులుంటాయి. వరి మడికీ కుంటకీ మధ్య పురుగుమందు పడని గడ్డి పట్టీ వదిలాం, కప్ప చర్మం మందుల్ని ఇట్టే పీల్చేస్తుంది కాబట్టి ఇది తప్పనిసరి.

తొలకరికి పసుపురంగు తిరిగిన మగ బోదురు కప్పలు నీలం గొంతు సంచులు ఉబ్బించి అరుస్తుంటే ఎంత సంతోషమేసిందో! తూనీగలూ వచ్చాయి, వాటి పిల్లలు నీళ్లలోనే దోమ పిల్లల్ని తింటాయి. గుర్రపు డెక్క మాత్రం ఇంకా మొలుస్తూనే ఉంది, కనిపించినప్పుడల్లా పీకేస్తున్నాం.