పీపాలో మాగిన పులుపు బీరు: ఒక చింతపండు వ్యాపారి రుచి చూసే పద్ధతి

మాది చింతపండు వ్యాపారం. ఉండేది అనంతపురంలో, సరుకు కొనేది ఎక్కువగా హిందూపురం యార్డులో. అక్కడ కుప్ప ముందు నిలబడి ఇంత తుంచి నోట్లో వేసుకుంటే అది కరిపులో ప్లవరో (రెండూ చింతపండు రకాలే), కొత్త పండో కోల్డ్ స్టోరేజీ పండో తెలిసిపోవాలి. తెలియకపోతే నష్టం మనకే. పీపాల్లో మాగబెట్టిన పులుపు బీర్లు చేతికొచ్చినప్పుడు నేను వాడేది కూడా ఆ నాలుకనే. బెంగళూరులో ఉండే మా బావమరిది, బెల్జియం పోయొచ్చే స్నేహితుల చేత అప్పుడప్పుడు ఒకట్రెండు సీసాలు తెప్పిస్తుంటాడు. తెరిచిన ప్రతిసారీ కొత్తగా కూర్చున్నవాళ్ళలో ఎవరో ఒకరు మొదటి గుక్కకే మొహం చిట్లించి, “యాంది బావా ఇది, సెడిపోయినట్టుండాదే!” అంటారు. చెడిపోలేదు. ఎంత పులుపు అని చూస్తే ఈ బీరు ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. ఏ పులుపు అని చూడాలి.

ముందు బలం సంగతి. పులుపు బీర్లన్నీ ఘాటువి కావు. బెల్జియంలోని రూసెలారె ఊళ్ళో రోడెన్‌బాక్ వాళ్ళు చేసే గ్రాండ్ క్రూ అనే బీరులో ఆల్కహాల్ 6 శాతమే. వాళ్ళదే వింటేజ్ అనే రకం 7 శాతం. ఎసెన్‌లోని డె డొల్లె అనే బెల్జియం వాళ్ళదే ఊర్‌బియర్ స్పెషల్ రిజర్వా బోర్డో వైన్ పీపాల్లో మాగి 13 శాతం దాకా పోతుంది. లెక్క వేసుకోండి: 330 మిల్లీలీటర్ల సీసాలో 13 శాతం అంటే సుమారు 43 మిల్లీలీటర్ల అసలు ఆల్కహాల్. విస్కీ లార్జ్ పెగ్గు ఒకటిన్నరలో ఉండే ఆల్కహాల్ కంటే ఎక్కువే. పైగా పులుపు నోరూరించి ఆ ఘాటును దాచేస్తుంది. అందుకే మా ఇంట్లో ఒక సీసాకు నలుగురం. తలా 80 మిల్లీలీటర్లు వస్తుంది, రుచి చూడటానికి అది చాలు. బండి తాళాలు ముందే లోపల పెట్టేస్తాం.

నాలుకకు తర్ఫీదు వంటింట్లోనే ఇవ్వొచ్చు. ఈ పని ఒక్కసారి చేస్తే సగం విద్య వచ్చినట్టే. రెండు గ్లాసులు తీసుకోండి. మొదటిదాంట్లో పెరుగును గుడ్డలో వడగట్టిన తేట, అంతే కొలత నీళ్ళు కలపండి. రెండోదాంట్లో గ్లాసుడు నీళ్ళకు ఒక టీ స్పూను వెనిగర్ చాలు. మొదటిది లాక్టిక్ ఆమ్లం, రెండోది ఎసిటిక్. తేట చప్పరించండి. పులుపు గుండ్రంగా, నాలుక అంతా పరుచుకుంటుంది, ముక్కుకు ఏమీ తెలియదు. వెనిగర్ నీళ్ళు నోటి దగ్గరికి తెస్తుండగానే ముక్కుకు తగులుతాయి, మింగాక గొంతులో చురుక్కుమంటాయి. పులుపు బీరులో ఈ రెండే పెద్ద మనుషులు. మన చింతపండులో ఉండే టార్టారిక్ ఆమ్లం ద్రాక్షది. నిమ్మది సిట్రిక్. అవి ఈ లెక్కలోకి పెద్దగా రావు కాబట్టి బీరులో చింతపండు కోసం వెతకొద్దు. ఈ మాట చింతపండు అమ్ముకునేవాడినే చెబుతున్నా.

ఈ రెండు ఆమ్లాలు బీరులోకి ఎలా వస్తాయో తెలిస్తే పట్టుకోవడం సులువు. ఎవరూ పైనుంచి పోయరు. లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్ అనే బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారు చేస్తాయి. వెనిగర్ ఘాటు ఎసిటోబాక్టర్ అనే ఇంకో బ్యాక్టీరియా పని, దానికి గాలి కావాలి. ఓక్ చెక్క గుండా గాలి కొంచెం కొంచెంగా లోపలికి పోతుంది. రోడెన్‌బాక్‌లో దాదాపు 300 పెద్ద ఓక్ తొట్లున్నాయి, వాటిలో కొన్ని 150 ఏళ్ళు పైబడినవి. అంత పెద్ద తొట్టిలో బీరు ఎక్కువ, దానికి తగిలే చెక్క తక్కువ. అదే 225 లీటర్ల వైన్ పీపాలో అయితే చెక్క తాకిడీ ఎక్కువ, గాలీ ఎక్కువ. కాబట్టి సీసా మీద చిన్న పీపా అని ఉంటే వెనిగర్ చురుకు, చెక్క వాసన రెండూ గట్టిగా ఉంటాయని ముందే అనుకోండి. గ్రాండ్ క్రూ అయితే రెండేళ్ళు మాగినది మూడింట రెండొంతులు, లేతది ఒక వంతు కలిపి పోస్తారు. ఆ లేత బీరు తీపే పులుపును మోస్తుంది.

ఇక మా ఊరి సమస్యకు వస్తా, అది ఎండ. ఈ బీరు 10 నుంచి 14 డిగ్రీల మధ్య బాగుంటుందని అంటారు. బలం ఎక్కువైనవాటికి ఆ పై కొసే సరి. ఫ్రిజ్‌లో 4 డిగ్రీలుంటుంది. బయట ఏప్రిల్‌లో నలభై. ఐస్ కోల్డ్‌గా తాగితే పులుపు తప్ప ఏమీ తెలియదు. గ్లాసు నిండా పోసుకుని కూర్చుంటే పావుగంటలో గోరువెచ్చనై ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది. నేను చేసేది ఇది. సీసాను ఫ్రిజ్‌లో కూరగాయల అరలో రెండు మూడు రోజులు నిలువుగా ఉంచుతా. ప్రయాణంలో కదిలిన మడ్డి అడుక్కు చేరాలి. తాగే ముందు చలికాలమైతే ఇరవై నిమిషాలు, వేసవైతే ఏడెనిమిది నిమిషాలు బయట పెడతా. సీసాకు పట్టిన చెమట జారిపోయి, అరచేత్తో పట్టుకుంటే చల్లగా ఉంది గానీ చేయి జివ్వుమనడం లేదంటే సరిపోయినట్టే. తెరిచాక సీసాకు తడి గుడ్డ చుట్టి ఫ్యాను కింద పెడతా. మా గాలిలో తేమ తక్కువ కాబట్టి గుడ్డ ఆరుతూ సీసాను చల్లగా ఉంచుతుంది. మనిషికి ఒక్కోసారి 30 మిల్లీలీటర్లే పోస్తా, అయ్యాక మళ్ళీ ఇంత. అలా పోస్తే ఒకే బీరును మూడు వేడి స్థాయిల్లో రుచి చూసినట్టవుతుంది, మా ఎండకు మేం చెప్పుకునే ఉపకారం ఇదొక్కటే.

కార్కు ఉన్న సీసా అయితే కార్కును గట్టిగా పట్టుకుని సీసాను తిప్పండి. మూతి మనుషుల వైపు ఉండకూడదు. స్టీలు గ్లాసు వద్దు. పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉండే బ్రాందీ గ్లాసు మంచిది, దాన్ని కూడా సబ్బు వాసన పోయేదాకా కడిగి ఆరబెట్టాలి. గదిలో అగరొత్తి వెలగకూడదు. వంటింట్లో ఇంగువ పోపు పెడుతుంటే ఆగండి. గంట ముందునుంచి ఆకువక్క, కాఫీ మానేయాలి. ఈ నియమానికి మా చిన్నాన్న ఇప్పటికీ ఒప్పుకోడు, ఆయనకు పోయడం మేమూ మానలేదు.

పోశాక తాగొద్దు, వాసన చూడండి. గ్లాసు కదపకుండా ఒకసారి, చిన్నగా తిప్పి ఇంకోసారి. ఎర్ర బీర్లలో ముందు నేరేడు పండు, ఎండు ద్రాక్ష లాంటివి వస్తాయి. ఆ వెనక వెనీలా ఉందంటే అది ఓక్ చెక్కది. కొత్త చెప్పుల దుకాణంలో వచ్చే తోలు వాసన, పాకలోని ఎండుగడ్డి వాసన తగిలితే భయపడొద్దు, అది బ్రెట్టనోమైసీస్ అనే ఈస్టు. 1904లో కార్ల్స్‌బర్గ్ పరిశోధనశాలలో క్లాసెన్ అనే ఆయన దాని సంగతి బయటపెట్టాడు. మామూలు బీరులో అది ఉంటే తప్పు, ఇందులో కొంచెం ఉంటే అందం.

మొదటి గుక్క లెక్కలోకి రాదు. నోరు ఆ పులుపుకు ఉలిక్కిపడుతుంది, అంతే. ఒక చెంచాడు తీసుకుని నోరంతా తిప్పి మింగేసి, కాసేపు మాట్లాడుకోండి. రెండో గుక్కను నాలుక మీద నాలుగైదు సెకన్లు ఆపండి. అప్పుడు అడగండి: తేట పులుపా, వెనిగర్ పులుపా, రెండూనా? ముందు ఏది, మింగాక ఏది మిగిలింది? పులుపు పోయాక చిగుళ్ళు పట్టేసినట్టుంటే అది చెక్కలోని వగరు. ఛాతీలో వెచ్చదనం ఆల్కహాల్. మంచి సీసాలో ఇవి ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. అన్నీ ఒకేసారి మీదపడితే బీరు ఇంకా పచ్చిగా ఉందని నా తీర్పు.

కొన్ని మాత్రం నిజంగానే దోషాలు. గోళ్ళ రంగు తుడిచే ద్రావకం వాసన గుప్పుమంటే ఈథైల్ అసిటేట్ అనే రసాయనం హద్దు దాటింది. సినిమా హాలు పాప్‌కార్న్ వెన్న వాసన వస్తే పీడియోకాకస్ వదిలినదాన్ని ఈస్టు ఇంకా పూర్తిగా తినెయ్యలేదు. తడిసిన అట్టపెట్టె వాసన గాలి దెబ్బ. అన్నిటికంటే టక్కరిది ఎలుక వాసన. అది గ్లాసులో తెలియదు, మింగాక లాలాజలం కలిసి పులుపు తగ్గాకే గొంతు వెనకనుంచి లేస్తుంది. అందుకే మింగి అర నిమిషం ఆగనిదే తీర్పు చెప్పను.

నంజుకోవడానికి మిరపకాయ బజ్జీ పెట్టారంటే అయిపోయింది. కారం, పులుపు, ఆల్కహాల్ మూడూ కలిస్తే నోరు మండటం తప్ప ఏమీ ఉండదు. మసాలా బొరుగులూ అంతే. ఉప్పేసి ఉడకబెట్టిన చెనక్కాయలు బ్రహ్మాండంగా కుదురుతాయి, ఆ నూనెను పులుపు కోసేస్తుంది. కారం తగ్గించి, కొవ్వు ముక్కలుండేలా వేయించిన మటనూ బాగుంటుంది. పూర్ణం ఓళిగ మీద నెయ్యి వేసుకుని తినేవాళ్ళు ఒకసారి ప్రయత్నించండి. నాకు నచ్చింది, మా ఆవిడకు నచ్చలేదు.

సీసా అడుగున వేలెడు మందం మడ్డి మిగల్చండి. దాన్ని విడిగా చిన్న గ్లాసులో పోసి రుచి చూడొచ్చు, ఈస్టు చేదు తెలుస్తుంది. పైది మిగిలితే మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా ముగించాలి, నురుగు పోతుంది, చురుకు పెరుగుతుంది. అంతకు మించి నిలిచిందాన్ని నేను మటన్ ఉడికేటప్పుడు పోసేస్తా. బెల్జియం వాళ్ళు కూడా గొడ్డు మాంసాన్ని బీరులో సన్నసెగ మీద ఉడికిస్తారు. ఆ రోజు కూరలో చింతపండు వేయకండి.